గ్రున్‌ఫెల్డ్ ఎక్స్ఛేంజ్: డి4, ఇ4 బంట్లు నిలబడ్డాక తెలుపు ఏం చేయాలి?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మా ఊళ్లో సాయంత్రం పూట పిల్లలకు చదరంగం నేర్పుతుంటాను. వాళ్లలో కొందరు ఇప్పుడు రేటింగ్ టోర్నమెంట్లకు వెళ్తున్నారు. అందరూ డి4తోనే మొదలుపెడతారు. నలుపు గ్రున్‌ఫెల్డ్ అనే ఓపెనింగ్ ఎంచుకుంటే, మార్పిడితో సాగే ఎక్స్ఛేంజ్ వేరియేషన్ ఆడమని చెప్పాను, ఎందుకంటే సెంటర్ (బోర్డు నడిమి గడుల మీద పట్టు) అంటే ఏమిటో కళ్లకు కట్టినట్టు కనిపించే ఓపెనింగ్ అది. వరుస ఇది (శకటం అంటే బిషప్, ఏనుగు అంటే రూక్, × అంటే తినడం; అంకె తర్వాత మొదటిది తెలుపు ఎత్తు, రెండోది నలుపుది, అంకె పక్కన మూడు చుక్కలుంటే నలుపు ఎత్తే):

1. డి4 గుర్రం ఎఫ్6 2. సి4 జి6 3. గుర్రం సి3 డి5 4. సి×డి5 గుర్రం×డి5 5. ఇ4 గుర్రం×సి3 6. బి×సి3 శకటం జి7 7. శకటం సి4 సి5 8. గుర్రం ఇ2 గుర్రం సి6 9. శకటం ఇ3 క్యాస్లింగ్ 10. క్యాస్లింగ్

ఇక్కడిదాకా గడగడా ఆడేస్తారు. ఆ తర్వాతే చిక్కు. డి4 మీద ఒత్తిడి పెరిగిన కొద్దీ ఒక్కో పావును తెచ్చి దానికి కాపలా పెడతారు. నలుపు ఒక్కో పావునే మార్పిడి చేసుకుంటూ పోతుంది. ఇరవై అయిదో ఎత్తు దాటేసరికి బోర్డు ఖాళీ అవుతుంది, ఎ, బి బంట్లతో నలుపు ముందుకు నడుస్తుంది, మా పిల్లలు ఆట చేజార్చుకుని వస్తారు. కంప్యూటర్‌లో చూస్తే ఒక్క ఎత్తూ పెద్ద తప్పుగా కనిపించదు. మరి ఆట ఎక్కడ పోతున్నట్టు?

డి5 తోయడమా, ఇ5 తోయడమా, ఎఫ్4 వేసి రాజు మీదికి వెళ్లడమా? పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలకు అర్థమయ్యే దారి ఏది? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

ఓరుగల్లు_ఏనుగు

కృష్ణాతీరం గారూ, పదో ఎత్తు తర్వాత డి4 చుట్టూ లెక్క చూడండి. నలుపు తరఫున సి5 బంటు, సి6 గుర్రం, జి7 శకటం, డి8 మంత్రి, మొత్తం నాలుగు పావులు దాని మీద గురిపెట్టాయి. తెలుపు తరఫున సి3 బంటు, ఇ3 శకటం, ఇ2 గుర్రం, డి1 మంత్రి, అవీ నాలుగే కాపలా కాస్తున్నాయి. లెక్క సరిపోయింది కదా అని పిల్లలు నిశ్చింతగా ఉంటారు. కానీ ఆ నాలుగు తెల్ల పావులూ కాపలా వదిలి మరో పని చేయలేవు. నల్ల పావులకు ఆ కట్టుబాటు లేదు. గుర్రం ఎ5కు పోయి మీ సి4 శకటాన్ని కదిలించగలదు, తెల్లగడుల శకటం జి4కు వచ్చి ఇ2 గుర్రాన్ని కట్టిపడేయగలదు (అది కదిలితే వెనకున్న మంత్రి పోతుంది), మంత్రి సి7కు జరిగి ఏనుగుకు డి8 ఖాళీ చేయగలదు. కాపలా కాసేవాడికి సెలవు లేదు, దాడి చేసేవాడికి ఉంది. అందుకే లెక్క సమానంగా ఉన్నా ఆట సమానం కాదు.

అందుకని నేను చెప్పే మొదటి మాట: ఈ సెంటర్ దాచుకోవడానికి కాదు, ఖర్చుపెట్టడానికి. దేని మీద ఖర్చుపెట్టాలో పదిహేనో ఎత్తు లోపల తేలాలి.

నల్లగుర్రం

నేను ఏళ్లుగా గ్రున్‌ఫెల్డ్‌ను నలుపుతో ఆడుతున్నాను కాబట్టి అవతలి గట్టు నుంచి చెబుతాను. తెలుపు కాపలాకే పరిమితమైతే నాకు పని చాలా సులువు. సి×డి4, సి×డి4 అయ్యాక బోర్డు ఎడమ భాగం చూడండి. తెలుపుకు అక్కడ ఎ2 బంటు ఒక్కటే. నాకు ఎ7, బి7 రెండు. మంత్రులు, ఒక జత ఏనుగులు పోతే నేను ఆ రెండింటితో ఒక పాస్డ్ బంటును, అంటే ఎదురుగా గానీ పక్క వరుసల్లో గానీ అడ్డుకునే శత్రుబంటు లేనిదాన్ని, తయారుచేస్తాను. అది తెల్లరాజుకు చాలా దూరంలో పుడుతుంది. డి4, ఇ4 బంట్లు చూడటానికి ఎంత గొప్పగా ఉన్నా, పావులు తగ్గిన కొద్దీ వాటికి తోడు దొరకదు.

మీ పిల్లల ఆటలు పోతున్నది ఇక్కడే. ప్రతి మార్పిడీ విడిగా చూస్తే తప్పు కాదు, అన్నీ కలిపి చూస్తే ఆట నాకు అనుకూలమైన ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలే చివరి దశ) వైపు జరుగుతోంది. సెంటర్ ఉన్నవాడికి పావులు కావాలి. చోటు తక్కువైనవాడికి మార్పిడులు కావాలి. ఈ ఒక్క సంగతి తెలిస్తే, నేను మార్పిడికి రమ్మన్నప్పుడల్లా పిల్లలు తలూపరు.

పాతఆటలు

మంచి చర్చ. డి5 గురించి అడిగారు కాబట్టి నాకు ప్రాణమైన ఒక ఆటను ఇక్కడ విప్పుతాను. 1950లో బుడాపెస్ట్ క్యాండిడేట్స్ టోర్నమెంట్‌లో బ్రాన్‌స్టీన్, బొలెస్లావ్‌స్కీ సమానంగా మొదటి స్థానంలో నిలిచారు. ప్రపంచ చాంపియన్ బాట్విన్నిక్‌తో ఆడేదెవరో తేల్చడానికి మాస్కోలో వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ పెట్టారు. దాని మొదటి ఆటలోనే ఈ ఓపెనింగ్ వచ్చింది. ఎత్తుల వరుస కాస్త అటూ ఇటూ అయినా, చివరికి చేరింది మన పొజిషన్‌కే:

10... సి×డి4 11. సి×డి4 శకటం జి4 12. ఎఫ్3 గుర్రం ఎ5 13. శకటం డి3 శకటం ఇ6

ఇక్కడ ఆగి బోర్డు చూడండి. నల్ల శకటం ఎ2 మీద కన్నేసింది, సి4లో దిగాలనీ చూస్తోంది. మామూలుగా ఆలోచించేవాళ్లు ఎ2ను ఎలా కాపాడుకోవాలా అని వెతుకుతారు. బ్రాన్‌స్టీన్ 14. డి5 ఆడాడు.

ఆ బంటు కదలగానే జి7 నుంచి ఎ1 దాకా డయాగనల్ మొత్తం తెరుచుకుంది, మూలనున్న ఏనుగు పోతుంది. పోనీ అన్నాడు. 14... శకటం×ఎ1 15. మంత్రి×ఎ1. ఇప్పుడు తెలుపుకు ఏమి మిగిలిందో చూడండి. నల్లరాజుకు గొడుగులా ఉన్న జి7 శకటం బోర్డు మీద లేదు. ఎఫ్6, జి7, హెచ్6 గడులకు దిక్కులేదు. తెల్లమంత్రి సరిగ్గా అదే డయాగనల్ మీద కూర్చుంది. శకటం హెచ్6కు వస్తే తర్వాత జి7లో మాట్. అందుకే నలుపు 15... ఎఫ్6 ఆడక తప్పలేదు. ఎ5లో ఉన్న గుర్రం ఈ గొడవకంతా చాలా దూరంలో ఉంది.

ఆ తర్వాత తెలుపు తరఫు నల్లగడుల శకటం ప్రయాణం చూడాలి. ఇ3 నుంచి హెచ్6కు వెళ్లి ఏనుగును బెదిరించింది, అక్కడి నుంచి డి2కు తిరిగొచ్చింది, డి2 నుంచి బి4కు చేరి మంత్రిని తరిమింది. దాన్ని ఎదిరించే శకటం నలుపుకు లేదు కాబట్టి నల్లగడులన్నీ దాని సొంతమయ్యాయి. బ్రాన్‌స్టీన్ ఆ ఆట గెలిచాడు, మ్యాచ్ కూడా 7.5–6.5 తేడాతో గెలిచాడు, 1951లో బాట్విన్నిక్‌తో 12–12గా సమం చేశాడు.

ఇచ్చింది ఏనుగు, తీసుకున్నది శకటం. మరి ఆ తేడాకు బదులుగా తెలుపుకు దొరికిందేమిటని పిల్లలను అడగండి. డి5లో ఒక బంటు, ఊపిరాడని నల్లసేన, రాజు చుట్టూ ఖాళీ గడులు. సెంటర్‌ను ఖర్చుపెట్టడం అని ఓరుగల్లు గారు అన్నారే, దానికి ఇంతకంటే తేటగా కనిపించే ఆట నాకు తెలియదు.

చిన్నబంటు

నమస్తే పాతఆటలు గారూ. నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను, ఈ లైన్ తెలుపుతోనే ఆడతాను. మీరు చెప్పిన పొజిషన్‌ను బోర్డు మీద పెట్టి చూశాను. 15... ఎఫ్6 తర్వాత ఇ6 శకటం నా డి5 బంటుకు చిక్కినట్టే కనిపించింది. 16. డి×ఇ6 ఎందుకు ఆడకూడదు అనుకున్నాను. తీరా చూస్తే 16... మంత్రి×డి3 ఉంది. మంత్రి ఎ1కు వెళ్లిపోయింది కాబట్టి డి3 శకటానికి కాపలా లేదు. అంటే నలుపు పావును తిరిగి తీసుకుంటుంది, ఏనుగు ఆధిక్యం మిగుల్చుకుంటుంది. కాబట్టి ఓపిక పట్టాలి, అంతే కదా?

ఇంకో ప్రశ్న. ఏనుగు ఇవ్వడం ఇష్టం లేకపోతే 14. ఏనుగు సి1 సరిపోతుందా?

పాతఆటలు

అమ్మా, చాలా బాగా చూశావు. ఆ డి3 సంగతి తెలియక అక్కడ ఆత్రపడేవాళ్లు ఉంటారు. ఓపికే సమాధానం. శకటం ఇ6లో ఇరుక్కుపోయినట్టు ఉండటమే తెలుపుకు లాభం, వెంటనే తినేయాల్సిన అవసరం లేదు. బ్రాన్‌స్టీన్ 16. శకటం హెచ్6 ఆడాడు. 16. ఏనుగు బి1 కూడా ఎంతో మంది ఆడిన ఎత్తే.

14. ఏనుగు సి1 చక్కని ఎత్తు. అక్కడ ఏనుగుకు బదులు బంటు ఇస్తావు. 14... శకటం×ఎ2 15. మంత్రి ఎ4 శకటం ఇ6 16. డి5 శకటం డి7 17. మంత్రి బి4. గమనించావా, రెండు దారుల్లోనూ డి5 వచ్చి తీరింది. ఇచ్చే వెల ఒక దాంట్లో ఏనుగు, మరో దాంట్లో ఎ2 బంటు. సి1లో ఉన్న ఏనుగు డయాగనల్ నుంచి తప్పుకుంది కాబట్టి బంటు తోసినా దానికి దెబ్బ తగలదు.

డల్లాస్_చదరంగం

ఏనుగును ముందే ఆ డయాగనల్ నుంచి తప్పించడం అనే మాట వచ్చింది కాబట్టి నా ఓటు వేరే లైన్‌కు. ఏడో ఎత్తులో శకటం సి4 మానేసి గుర్రం ఎఫ్3 ఆడించండి.

7. గుర్రం ఎఫ్3 సి5 8. ఏనుగు బి1 క్యాస్లింగ్ 9. శకటం ఇ2 సి×డి4 10. సి×డి4 మంత్రి ఎ5 చెక్ 11. శకటం డి2 మంత్రి×ఎ2 12. క్యాస్లింగ్

ఒకప్పుడు గుర్రం ఎఫ్3కు పెద్దగా ఆదరణ లేదు. నల్ల శకటం జి4కు వచ్చి ఆ గుర్రాన్ని కట్టేస్తే డి4 బలహీనపడుతుందని భయపడేవారు. గుర్రాన్ని ఇ2లో పెట్టడం వెనకున్న కారణం కూడా అదే, జి4 శకటాన్ని ఎఫ్3 బంటుతో తరమొచ్చని. 1970ల చివర నుంచి ఏనుగు బి1 ఆలోచన పుంజుకున్నాక లెక్క మారింది. ఏనుగు బి7 మీద ఒత్తిడి పెడుతుంది కాబట్టి సి8 శకటం కదలాలంటే నలుపు రెండుసార్లు ఆలోచించాలి. పైగా డి5 తోసే రోజున మూలలో దొరికే ఏనుగు లేదు. ఎ2 బంటు పోతుంది, నిజమే. కానీ దాన్ని తిన్న నల్లమంత్రి ఇంటికి చేరేలోపు తెలుపు రెండు మూడు మంచి ఎత్తులు వేసుకుంటుంది.

పిల్లలకు నేర్పడానికి ఇంకో మేలు కూడా ఉంది. నలుపు 9... గుర్రం సి6 ఆడితే వెంటనే 10. డి5. గుర్రం ఇ5కు వస్తుంది, 11. గుర్రం×ఇ5 శకటం×ఇ5 12. మంత్రి డి2. సెంటర్ కదిలింది, గుర్రం మాయమైంది, తర్వాత ఎఫ్4తో శకటాన్ని తరుముతూ ముందుకెళ్లొచ్చు. ఏం చేయాలన్న సందేహమే రాదు.

కృష్ణాతీరం

డల్లాస్ గారూ, ధన్యవాదాలు. ఒక్కటే బెంగ. ఏనుగు బి1 లైన్లలో బంటు ఇచ్చాక ఎత్తులు చాలా కచ్చితంగా ఉండాలి, కంఠస్థం చేయాల్సింది చాలా ఉంటుంది. మా పిల్లలకు బడి, పరీక్షలు, ఇంటిపని అన్నీ ఉన్నాయి. బట్టీ పట్టిన పదిహేను ఎత్తుల కంటే, పదో ఎత్తు దగ్గర ఆగి తమంతట తాము ఆలోచించగల ఒక్క పొజిషన్ వాళ్ల దగ్గర ఉండాలని నా కోరిక. అందుకే శకటం సి4, గుర్రం ఇ2 పద్ధతిని వదలబుద్ధి కావడం లేదు.

డి5 సంగతి ఇప్పుడు బాగా తెలిసింది. ఎఫ్4 మాటేమిటి? ఇ5 ఎందుకు ఎవరూ ఎత్తడం లేదు?

ఓరుగల్లు_ఏనుగు

ఇ5 గురించి ముందు, ఎందుకంటే అది చిన్న సంగతి. ఇ బంటు ముందుకు పోతే డి5 గడి శాశ్వతంగా నలుపు చేతికి వెళ్తుంది. నలుపు తరఫు తెల్లగడుల శకటం ఇ6 మీదుగానో బి7 మీదుగానో వచ్చి అక్కడ కూర్చుంటే దాన్ని కదిలించే బంటు తెలుపుకు లేదు. డి4 బంటు ఇక ముందుకు పోలేదు, గురిగా మాత్రమే మిగులుతుంది. రాజు మీద దాడి నిజంగా చేతిలో ఉంటే తప్ప పిల్లలను ఇ5 జోలికి పోనివ్వకండి.

ఎఫ్4, ఎఫ్5 వేరే రకం ఖర్చు. ఇక్కడ రెండు ఆటలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మొదటిది 1970 సీగెన్ ఒలింపియాడ్‌లో స్పాస్కీ, ఫిషర్ ఆట. ఫిషర్ 10... మంత్రి సి7 11. ఏనుగు సి1 ఏనుగు డి8 అంటూ డి4 మీద బరువంతా మోపాడు. స్పాస్కీ 12. హెచ్3తో జి4 గడిని మూసేశాడు. 12... బి6 13. ఎఫ్4 ఇ6 14. మంత్రి ఇ1 గుర్రం ఎ5 15. శకటం డి3 ఎఫ్5 16. జి4. మంత్రి డి1 నుంచి ఇ1కు జరిగింది చూశారా? డి4కు కాపలా కాసే నాలుగింటిలో ఒకటి ఉద్యోగం వదిలేసింది. నిజంగానే ఇరవై మూడో ఎత్తులో ఫిషర్ శకటంతో డి4 బంటును తినేశాడు. కానీ అప్పటికి తెల్లగుర్రం ఇ4కు చేరింది, 24. గుర్రం జి5 వచ్చింది, ఎఫ్5 బంటు ఇ4లో మార్పిడి కావడం వల్ల ఇ6 బంటు ఒంటరిదైంది. 28లో గుర్రం ఎఫ్6 మీద చెక్, 29లో మంత్రి ఇ6ను తీసింది. ఆట 39 ఎత్తుల్లో ముగిసింది. అది ఏకపక్షంగా సాగిన ఆట కాదు, ఇద్దరూ గట్టిగా పోరాడారు. మనకు కావాల్సింది మాత్రం ఇది: డి4 పోయింది, ఆట గెలిచింది.

రెండోది మనవాళ్లందరికీ బాధగా గుర్తుండే ఆట. 2010 సోఫియా ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి ఆట, తెలుపు టోపలోవ్, నలుపు ఆనంద్. 10... గుర్రం ఎ5 11. శకటం డి3 బి6 12. మంత్రి డి2 ఇ5 13. శకటం హెచ్6 సి×డి4 14. శకటం×జి7 రాజు×జి7 15. సి×డి4 ఇ×డి4. మళ్లీ డి4 బంటు పోయింది. పైగా ఆనంద్‌కు అక్కడ పాస్డ్ బంటు కూడా వచ్చింది. కానీ దాని ముందు డి3లో తెల్లశకటం అడ్డంగా ఉంది, అది కదల్లేదు. టోపలోవ్ 17. ఎఫ్4, 18. ఎఫ్5 వేసి రాజు వైపు తలుపులు తెరిచాడు. గుర్రం ఎఫ్4, అక్కడి నుంచి హెచ్5. 21. హెచ్4. ఆనంద్ 23లో రాజును ఎఫ్7కు జరపగానే 24. గుర్రం×ఎఫ్6, ఇక నిలబడలేదు, 30 ఎత్తుల్లో అయిపోయింది. ఆ మ్యాచ్‌ను ఆఖరికి 6.5–5.5తో ఆనందే గెలిచాడన్నది మన సంతోషం.

రెండింటిలోనూ డి బంటును గుంజుకోవడంలో నలుపు మునిగి ఉండగా ఇ, ఎఫ్ బంట్లు తమ పని చేశాయి. నలుపు పావులన్నీ డి4 చుట్టూ మూగితే రాజు దగ్గర ఎవరూ ఉండరు. పిల్లలకు ఇది చెప్పండి.

నల్లగుర్రం

ఓరుగల్లు గారు తెలుపు గెలిచిన ఆటలే ఎంచుకున్నారు, కాబట్టి నా పక్షం కూడా వినాలి. 1986 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కార్పోవ్ మీద గ్రున్‌ఫెల్డ్‌ను బయటికి తీసిన కాస్పరోవ్, 1987లో సెవిల్‌లో కూడా దాన్నే నమ్ముకున్నాడు. అక్కడ కార్పోవ్ కొత్త దారి తొక్కాడు:

10... శకటం జి4 11. ఎఫ్3 గుర్రం ఎ5 12. శకటం×ఎఫ్7 చెక్ ఏనుగు×ఎఫ్7 13. ఎఫ్×జి4 ఏనుగు×ఎఫ్1 చెక్ 14. రాజు×ఎఫ్1

తెలుపుకు ఒక బంటు ఎక్కువ. సెంటర్ కూడా చెక్కుచెదరలేదు. అయినా నలుపుకు ఆట ఉంది. జి వరుసలో తెల్లబంట్లు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి, రాజు ఎఫ్1లో బయటికొచ్చి నిలబడ్డాడు, తెల్లగడులను చూసుకునే శకటం లేదు. నా గుర్రం సి4లో దిగితే దాన్ని తరమడం కష్టం. 5, 7, 9, 11 ఆటల్లో ఈ లైనే వచ్చింది. అయిదోది కార్పోవ్ గెలిచాడు, రెండు డ్రా, పదకొండోది కాస్పరోవ్‌ది. బంటు ఎక్కువైనా తెలుపుకు దారి నల్లేరు మీద నడక కాలేదు.

ఇంకో మాట. ఇవాళ పైస్థాయిలో 10... బి6 కూడా బాగా ఆడుతున్నారు. అక్కడ తెలుపు 11. డి×సి5 తింటే 11... మంత్రి సి7. ఆ సెంటర్‌ను తెలుపే తన చేత్తో విప్పేసుకుంది. బంటు ఎక్కువ, కానీ సి వరుసలో రెండు బంట్లు ఒకదాని వెనక ఒకటి వికారంగా నిలబడతాయి. పిల్లలు ఈ ఆశకు పోకుండా చూడండి. పన్నెండేళ్లవాడికి ఉచితంగా కనిపించిన బంటును వదిలిపెట్టమని చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

నా అసలు అభ్యంతరం ఇది. ఎఫ్4 ఆడిన ప్రతి ఆటా స్పాస్కీ ఆట కాదు. ఎఫ్ బంటు ముందుకు పోయాక ఇ4కు బంటు కాపలా ఉండదు. నేను సరైన సమయంలో ఎఫ్5 వేస్తే ఇ4 అక్కడే ఇరుక్కుంటుంది, లేదా మార్పిడి అయి తెల్లగడులు నావవుతాయి. ఫిషర్ కూడా అదే ప్రయత్నించాడు. కాబట్టి ఎఫ్4కు ముందు శకటం డి3లో ఉండాలి, ఏనుగు సి1లోనో డి1లోనో సర్దుకోవాలి. ముందు పావులు, తర్వాత బంట్లు.

ఓరుగల్లు_ఏనుగు

ఆ చివరి మాటకు నేనూ ఒప్పుకుంటాను. స్పాస్కీ ఎఫ్4 కంటే ముందు ఏనుగు సి1, హెచ్3 ఆడింది అందుకే. తొందరపడి పదకొండో ఎత్తులోనే ఎఫ్4 వేసే పిల్లలకు శకటం జి4 చూపించండి. ఎఫ్3 అనే ఎత్తు ఇక లేదు కాబట్టి ఆ శకటాన్ని తరమడానికి బంటు ఉండదు, ఇ2 గుర్రం కట్టుబడిపోతుంది, డి4 లెక్క ఒకటి తగ్గుతుంది.

డల్లాస్_చదరంగం

సెంటర్‌ను వేరే ఆస్తిగా మార్చుకోవడానికి ఇంకొక ఆట చెప్పి ఊరుకుంటాను. 2000లో లండన్‌లో క్రామ్నిక్, కాస్పరోవ్ ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ రెండో ఆట. గుర్రం ఎఫ్3, శకటం ఇ3 పద్ధతి. తొమ్మిదో ఎత్తులోనే కాస్పరోవ్ శకటం జి4కు తెచ్చాడు. క్రామ్నిక్ 10. ఏనుగు బి1, 11. ఏనుగు×బి7 అంటూ ఒక బంటు తీసుకున్నాడు, డి4ను 15... శకటం×డి4 దగ్గర వదిలేశాడు. దానికి బదులు 16. శకటం డి5. బంట్లు ఉండాల్సిన చోట శకటం కూర్చుంది. తర్వాత ఇ బంటు ఇ5, ఇ6 దాకా నడిచి కరిగిపోయింది, మిగిలింది ఒక బంటు ఎక్కువున్న ఎండ్‌గేమ్. 40 ఎత్తుల్లో కాస్పరోవ్ ఓడిపోయాడు. ఆ మ్యాచ్‌లో మళ్లీ గ్రున్‌ఫెల్డ్ వేయలేదు.

ఎండ్‌గేమ్ అంటే ఎప్పుడూ నలుపుకే లాభం అని నల్లగుర్రం గారు చెప్పిన మాటకు ఇది చిన్న సవరణ.

నల్లగుర్రం

సవరణ న్యాయమే. రెండు వైపులా ఒకే లెక్కలో బంట్లున్న ఎండ్‌గేమ్ గురించి నేను చెప్పింది. అక్కడ తెలుపు ముందే ఒక బంటు లాభంతో దిగింది.

పాతఆటలు

కృష్ణాతీరం గారూ, మీ పిల్లలకు గ్రున్‌ఫెల్డ్ కంటే ముందు ఒక మెట్టు వేయమని నా సలహా. సెమీ టారాష్ అనే ఓపెనింగ్‌లో ఇవే సెంటర్ బంట్లు వస్తాయి, కానీ జి7 శకటం ఉండదు. అంటే డి5 తోసినా డయాగనల్ వెల కట్టనక్కర్లేదు. ఆలోచన అంతా నీళ్లలా కనిపిస్తుంది.

1. డి4 గుర్రం ఎఫ్6 2. సి4 ఇ6 3. గుర్రం ఎఫ్3 డి5 4. గుర్రం సి3 సి5 5. సి×డి5 గుర్రం×డి5 6. ఇ4 గుర్రం×సి3 7. బి×సి3 సి×డి4 8. సి×డి4 శకటం బి4 చెక్ 9. శకటం డి2 శకటం×డి2 చెక్ 10. మంత్రి×డి2 క్యాస్లింగ్ 11. శకటం సి4 గుర్రం సి6 12. క్యాస్లింగ్ బి6 13. ఏనుగు ఎ నుంచి డి1 శకటం బి7 14. ఏనుగు ఎఫ్ నుంచి ఇ1

ఏనుగులు రెండూ రెండు బంట్ల వెనక చేరాయి. ఇక బంట్లు కదలడమే తరువాయి. 1969లో ఇదే పొజిషన్ నుంచి రెండు గొప్ప ఆటలు పుట్టాయి, రెండూ మాస్కోలోనే. ప్రపంచ చాంపియన్‌షిప్ అయిదో ఆటలో పెట్రోసియాన్ 14... ఏనుగు సి8 ఆడితే స్పాస్కీ 15. డి5 తోశాడు. మార్పిడులు జరిగాక డి వరుసలో తెలుపుకు పాస్డ్ బంటు మిగిలింది. నల్లమంత్రి ఎ2 బంటు తినడానికి వెళ్లింది, ఈలోగా ఆ బంటు 21లో డి6, 22లో డి7 చేరింది. నల్ల ఏనుగులు దాని ముందు కట్టేసినట్టు నిలబడిపోయాయి. సెంటర్ బంటు పాస్డ్ బంటుగా మారడం అంటే అది.

అదే ఏడాది సోవియట్ చాంపియన్‌షిప్‌లో పోలుగాయెవ్‌స్కీ, తాల్ ఆట. 14... గుర్రం ఎ5 15. శకటం డి3 ఏనుగు సి8 16. డి5 ఇ×డి5 17. ఇ5. ఒక బంటు ఇచ్చాడు, తిరిగి తీసుకోలేదు. ఎందుకు? డి5లో నల్లబంటు చేరడంతో బి7 శకటం తన బంటు వెనకే చిక్కింది. ఎ5 గుర్రం అవతలి అంచున ఉంది. ఇ5 బంటు ఉండగా ఎఫ్6కు ఏ నల్లపావూ రాలేదు. తెల్ల శకటం మాత్రం డి3 నుంచి హెచ్7ను సూటిగా చూస్తోంది. 17... గుర్రం సి4 18. మంత్రి ఎఫ్4 గుర్రం బి2 19. శకటం×హెచ్7 చెక్. రాజు తీసుకున్నాడు, 20. గుర్రం జి5 చెక్, రాజు జి6, 21. హెచ్4. పావులను త్యాగం చేసి దాడి చేయడంలో పేరున్న తాల్‌నే తాల్ పద్ధతిలో కొట్టాడు. పోలుగాయెవ్‌స్కీ దీన్ని ఇంట్లో ముందే చాలా లోతుగా సిద్ధం చేసుకుని వచ్చాడు.

ఇ5 ఎప్పుడు పనికొస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఓరుగల్లు గారు భయపడిన డి5 గడిలో నలుపు బంటే కూర్చుంది కదా. ఇక అక్కడ నల్లపావు ఎలా దిగుతుంది?

చిన్నబంటు

ఇది చాలా నచ్చింది. నిన్న రాత్రి తమ్ముడితో 14. డి5 పొజిషన్ రెండు వైపుల నుంచీ ఆడి చూశాను. వాడు నలుపుతో ఏనుగు తినకుండా 14... శకటం డి7 ఆడాడు. అప్పుడు ఎ1 ఏనుగు మీద దెబ్బ ఉంది కాబట్టి నేను 15. ఏనుగు బి1 ఆడాను. డి5, ఇ4 రెండూ నిలబడ్డాయి, ఏనుగుకు ఖాళీగా ఉన్న బి వరుస దొరికింది, బంటు కూడా పోలేదు. అంటే నలుపు త్యాగాన్ని ఒప్పుకోకపోతే తెలుపుకు ఇంకా సుఖం కదా?

పాతఆటలు

అవునమ్మా. అందుకే ఎక్కువమంది తింటారు.

కృష్ణాతీరం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం తరగతికి ఇలా అనుకుంటున్నాను. ముందు సెమీ టారాష్ పొజిషన్ పెట్టి, స్పాస్కీ, పోలుగాయెవ్‌స్కీ ఆటలు రెండూ పేర్లు చెప్పకుండా ఆడిస్తాను. డి5 వాళ్లే కనిపెడితే మంచిది. తర్వాత గ్రున్‌ఫెల్డ్‌లో 13... శకటం ఇ6 దగ్గర ఆపి, ఇక్కడ అదే ఎత్తు వేస్తే ఏం పోతుంది, ఏం వస్తుంది అని కాగితం మీద రాయమంటాను. ఎఫ్4 సంగతి ఆ పై వారం. నల్లగుర్రం గారు చెప్పినట్టు ముందు పావులు సర్దడం, ఆ తర్వాతే బంటు. ప్రతి మార్పిడికి ముందు ‘ఇది ఎవరికి కావాలి’ అని తమను తాము ప్రశ్నించుకోవాలని కూడా చెబుతాను.

ఒక్క చిన్న సందేహం మిగిలింది. 10... మంత్రి సి7 ఆడినవాడి మీద వెంటనే 11. డి5 తోస్తే ఎలా ఉంటుంది?

నల్లగుర్రం

నాకు సంతోషంగా ఉంటుంది. సి3లో మీ బంటు ఇంకా ఉంది, ఏనుగు ఇంకా ఎ1లోనే ఉంది. నా గుర్రం ఇ5కు దూకి సి4 శకటాన్ని అడుగుతుంది, జి7 శకటం వెనక నుంచి సి3 వైపు చూస్తుంది. ముందు 11. ఏనుగు సి1 ఆడించండి, నేను ఏనుగు డి8కు తెచ్చాక ఆలోచించండి. ఆదివారం పిల్లలు రాసిన కాగితాల్లో మంచివి ఇక్కడ పెట్టండి, నలుపు వైపు నుంచి నేను జవాబులు రాస్తాను.